కొసరు వైరు

మా నాన్నది శృంగవరపుకోట బజారులో కిరాణా కొట్టు. పక్క కొట్టు మా పెదనాన్నది, ఎదుటి కొట్టు మా మేనమామది. మా ఇళ్ళల్లో పిల్లలకి మాటల కంటే ముందు బేరం వస్తుందని బంధువులు ఎగతాళి చేసేవారు. అందులో నిజమెంతో తెలియదు గానీ, ఏది కొన్నా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా "మరి కొసరో?" అని అడగడం మాత్రం నాకు ఊపిరి పీల్చినంత సహజం. పప్పు కొంటే పైన ఒక గుప్పెడు, వంకాయలు కొంటే రెండు పచ్చిమిరపకాయలు, ఏమీ లేకపోతే కరివేపాకు రెబ్బ. కొన్న సరుకు మరిచిపోయేవాణ్ణి. కొసరుగా వచ్చినదాన్ని మాత్రం ఇంటిదాకా తడుముకుంటూ వెళ్ళేవాణ్ణి.

కొట్లో కూర్చోమంటే కూర్చోక, ఐటీఐ చదివి ఫ్రిజ్ మెకానిక్‌నయ్యాను. టీకా మందులు చల్లగా దాచే పెట్టెలు జిల్లాలో ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి బాగుచెయ్యడం నా ఉద్యోగం. రిటైరై కొంతకాలమైంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద కేసేది?" అని అడుగుతుంటారు. పెద్ద కేసులు అందరికీ ఉంటాయి. నా కలలోకి వచ్చేది మాత్రం ఒక చిన్న పెట్టె. పన్నెండు వోల్టుల మీద నడిచేది.

మా శృంగవరపుకోట దాటి కొండెక్కితే, దారి రెండు వాగులు దాటాక, మబ్బు నేలమీద పడుకున్నట్టుండే ఒక ఊరుంది. ముప్ఫై నలభై గడపలు. అక్కడ రెండు గదుల ఆరోగ్య కేంద్రం, దానికో నర్సమ్మ. కరెంటు తీగ ఆ ఊరిదాకా వచ్చింది గానీ, గాలి గట్టిగా వీస్తే వారం రోజులు కనబడదు. అందుకని పైకప్పు మీద సోలార్ పలకలు, ముందుగదిలో బ్యాటరీ, లోపలి గదిలో చిన్న ఫ్రిజ్ పెట్టాలని నిర్ణయమైంది. అంతకుముందు టీకా రోజొస్తే తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని రెండు వాగులూ దాటి రోడ్డు దాకా దిగేవారు. వర్షాకాలంలో దిగేవారు కాదు. ఆ ఫ్రిజ్ కోసం నర్సమ్మ రెండేళ్ళు తిరిగింది. మీటింగుకి వచ్చిన ప్రతి అధికారినీ అడిగింది. చివరికి ఆవిణ్ణి చూస్తే చాలు, "ఫ్రిజ్ వచ్చిందమ్మా" అని గుమాస్తాలు నవ్వేవారు.

నిజంగా వచ్చినప్పుడు బిగించింది నేనే. మండు వేసవి. సామానంతా ఆఫీసు నుంచి వచ్చింది, బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా వేసే రెండు పోగుల వైరు తప్ప. అది బయట కొనుక్కోమన్నారు. కొనుక్కోమంటే నాకు పండగ.

విజయనగరంలో ఒక ఎలక్ట్రికల్ షాపుకి జీపు డ్రైవరుతో కలిసి వెళ్ళాను. డ్రైవరు నా వయసువాడే. చుట్టరికమేమీ లేకపోయినా చేరిన రోజు నుంచి నన్ను బావా అనే పిలిచేవాడు.

"నాలుగు మీటర్లు కావాలి" అన్నాను.

షాపాయన వైరు చుట్ట తీశాడు. అది చివరికొచ్చిన చుట్ట. నాలుగు కోస్తే ఇంకో పదిహేను మిగులుతుందని కంటితోనే కొలిచేశాను.

"మిగిలిన ముక్క నీ దగ్గరుండి ఏం లాభం? దుమ్ము పడుతుంది. కొసరుగా పడెయ్యి" అన్నాను.

"నాలుగు మీటర్లకి పదిగేను మీటర్లు కొసరేటి బాబూ! ఆవుని కొని మందని తోలుకుపోతానన్నట్టున్నాది."

"వచ్చేనెల ఇంకో మూడు కేంద్రాల సామాను నీ దగ్గరే."

ఆ మూడు కేంద్రాలు నేనప్పటికప్పుడు పుట్టించినవి. ఆయనకీ ఆ సంగతి తెలుసు. అయినా అరగంట సేపు ఇద్దరం ఆనందంగా దెబ్బలాడుకున్నాక, నా మొహం చూసి విసుగెత్తి మొత్తం చుట్ట నా చేతిలో పడేశాడు. బయటికొచ్చాక డ్రైవరు దండం పెట్టాడు.

"ఒరే బావా, నువ్వు యముడొచ్చినా ఇంకో ఏడాది కొసరడుగుతావురా!"

కొండమీద బిగించేటప్పుడు నాలుగు మీటర్లు సరిపోయింది. మిగతాది కొయ్యబుద్ధి కాలేదు. పుణ్యానికి వచ్చిన వైరు, కోస్తే ముక్కైపోతుంది, ఎప్పుడైనా ఫ్రిజ్ అవతలి గోడకి జరపాలంటే పనికొస్తుంది. కొయ్యకుండానే పదిహేను మీటర్లనీ జంతికలా గుండ్రంగా చుట్టి, నాలుగు చోట్ల కట్టి, ఫ్రిజ్ వెనక మేకుకి తగిలించాను. అంత ముచ్చటగా ఏ పనీ చెయ్యలేదు నేను. నర్సమ్మ కూడా "అన్నయ్యా, దండలా ఉన్నాది" అంది.

వేసవంతా ఫ్రిజ్ చక్కగా నడిచింది. వానలు పడ్డాక ఫోను వచ్చింది.

"అన్నయ్యా, పెట్టి ఆగిపోతన్నాది. తెల్లారి సూస్తే లోపల వెచ్చగా ఉంటన్నాది. మందులన్నీ ఐసు డబ్బాలోకి మార్సేను."

నేనూ డ్రైవరూ కొండెక్కేసరికి పగలు పదకొండు. మబ్బు విడి ఎండ కాస్తోంది. ఫ్రిజ్ తుమ్మెదలా జుమ్మంటూ నడుస్తోంది. మల్టీమీటరు పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర పదమూడు వోల్టులు, ఫ్రిజ్ దగ్గరా కొంచెం తక్కువగా బాగానే ఉంది. ఏదో ఒకటి మార్చకుండా దిగితే బాగుండదని ఫ్యూజు మార్చాను. పాత ఫ్యూజు పోలేదు, దాని మొహం నాకు నచ్చలేదంతే.

రెండోసారి ఫోను వచ్చినప్పుడు బ్యాటరీ మార్పించాను. కొత్త బ్యాటరీతో మూడు వారాలు నడిచి మళ్ళీ మొదలైంది. మూడోసారీ పదకొండుకే చేరాం. అప్పుడూ నడుస్తూనే ఉంది.

"మీరొస్తేనే నడుస్తాది అన్నయ్యా. అల్లుడొచ్చినప్పుడు అత్తగారు నవ్వినట్టు" అంది నర్సమ్మ. నవ్వలేదు ఆవిడ. ఆ పూట ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. తెల్లవారుజామునే లేచి మందులు మార్చడం, ఐసు కోసం కింద ఊరికి మనిషిని పంపడం. పాడైన మందు ఒక్క సీసా ఉన్నా జవాబు చెప్పాల్సింది ఆవిడే.

నేను తలుపు తీశాను. చల్లగాలితో పాటు మల్లెపూల వాసన వచ్చింది.

పై అరలో, మందుల పక్కన, అరిటాకులో చుట్టి పూలదండ. టీకాల పెట్టెలో టీకాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అది నియమం. నాకు కారణం దొరికింది. దొరకడం కాదు, అడక్కుండానే కొసరుగా వచ్చినట్టయింది. తలుపు మాటిమాటికీ తీస్తున్నారు, సొంత వస్తువులు పెడుతున్నారు, అందువల్ల చల్లదనం నిలవడం లేదు, యంత్రంలో లోపం లేదు అని రిపోర్టు రాసి పారేశాను.

మీకు తెలుసు కదా, పని ఎప్పుడు అయిపోయిందో మనకి చెప్పేది యంత్రం కాదు, మన బద్ధకం.

రిపోర్టు చూసిన పై అధికారి నన్ను పిలిచారు. "బుధవారం వెళ్ళి ఆ పెట్టె దింపేయండి. కింద కేంద్రంలో పెడదాం. తల్లులే దిగి వస్తారు. ఆవిడకి మెమో వేరేగా వెళ్తుంది" అన్నారు.

దిగి రారని నాకు తెలుసు. నర్సమ్మకి ఇంకా బాగా తెలుసు. నేను "సరే సార్" అన్నాను.

వాగు పొంగుతుందని మంగళవారం సాయంత్రమే కొండెక్కి, కేంద్రం ముందుగదిలో పడుకున్నాం. నర్సమ్మ ఊళ్ళో ఉన్న తన గదికి వెళ్ళిపోతూ, మందులన్నీ డబ్బాల్లో సర్దేసి, "ఆకరి రోజు కదా, తెల్లారే దాకా ఖాళీ పెట్టి నడవనీండి" అంది. మేం తినడానికి రాగులతో కాచే చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టించింది. మెమో రాబోతోందని తెలిసి కూడా ఆ సంగతి ఒక్క మాట ఎత్తలేదు.

నాకు మెలకువ వచ్చేసరికి కిటికీ ఇంకా బూడిద రంగులో ఉంది. మబ్బు లోపలికి వచ్చేసింది. మంచం కోళ్ళు కనబడుతున్నాయి, డ్రైవరు కనబడటం లేదు, వాడి గురక మాత్రం మబ్బులోంచి వస్తోంది. ఎక్కడో ఆవుల మెడల్లో చెక్కగంటలు. నేను మా నాన్న కొట్లో బస్తాల మీద పడుకున్నాననీ, ఇంకాసేపట్లో ఆయన తలుపు చెక్కలు తీస్తాడనీ అనిపించింది. ఆ చెక్కల చప్పుడే వినిపించింది కూడా.

టక్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. ఒక చిన్న వణుకు, పక్షి రెక్క విదిల్చినట్టు. తర్వాత నిశ్శబ్దం.

నాన్న కాదు, ఫ్రిజ్.

లేచి లోపలికి వెళ్ళాను. ఫ్రిజ్ వెనక చిన్న ఎర్ర దీపం మబ్బులో ఒకసారి వెలిగి ఆరింది. వోల్టేజి చాలడం లేదని చెప్పే గుర్తు అది. ఉద్యోగంలో మూడుసార్లు ఆ గదికి వచ్చి, ఆ దీపం వెలగ్గా ఒక్కసారీ చూడలేదు నేను. ఎందుకంటే ప్రతిసారీ పదకొండింటికి, ఎండ వచ్చాక, బ్యాటరీ కడుపు నిండాక వచ్చాను. పెట్టె జబ్బు తెల్లవారుజామునది. రాత్రంతా పని చేసి బ్యాటరీ కాస్త అలిసిన వేళది.

మల్టీమీటరు తీశాను. బ్యాటరీ దగ్గర పన్నెండు. కాస్త తక్కువే గానీ చాలాలి. ఫ్రిజ్ దగ్గరా పన్నెండే. అక్కడితో ఆగే మనిషిని నేను. ఆ పూట ఎందుకో ఆగలేదు. మబ్బు వల్ల కావచ్చు, చెయ్యి తీయబుద్ధి కాక అలాగే నిలబడ్డాను. టక్ మంది. అంకెలు పన్నెండు నుంచి జారి పదికి వచ్చాయి. పెట్టె వణికి ఆగింది. అంకెలు మళ్ళీ పన్నెండుకి ఎక్కాయి.

పదిన్నర కంటే తగ్గితే, బ్యాటరీ చెడిపోకుండా, ఆ పెట్టె తనంత తానే ఆగిపోతుంది. అది దాని మర్యాద. ఇన్నాళ్ళూ నేను ఎండ వచ్చి అది ఒడ్డున పడ్డాక వోల్టేజి కొలిచి, బాగుందని రాశాను. బరువెత్తుకునే క్షణంలో కొలవలేదు.

డ్రైవరుని లేపి బ్యాటరీ దగ్గర కూర్చోబెట్టి, రెండో మల్టీమీటరు వాడి చేతికిచ్చాను. "పెట్టె టక్ మన్నప్పుడు అంకె చదువు."

"పదకొండు ఎనిమిది" అన్నాడు వాడు ఆవలిస్తూ.

నా దగ్గర పది.

నాలుగు మీటర్ల దూరంలో దగ్గర దగ్గర రెండు వోల్టులు మాయమవుతున్నాయి. "మద్దిలో ఎవుడు తినేస్తన్నాడు బావా?" అన్నాడు డ్రైవరు.

నేను తలెత్తాను. ఎదురుగా మేకుకి, నాలుగు చోట్ల కట్టు కట్టుకుని, అందంగా, జంతికలా.

మూడుసార్లూ దాన్ని చూశాను. చూసిన ప్రతిసారీ మురిసిపోయాను. ఇంటి కరెంటుకి ఆ పొడవు లెక్కలోది కాదు. పన్నెండు వోల్టుల దగ్గర అలా కాదు. ఇక్కడ వోల్టులు తక్కువ, మోసే కరెంటు ఎక్కువ. వైరు ప్రతి అడుగూ తన వాటా తీసుకుంటుంది. మా కొట్టుకి బెల్లం బండి వచ్చేటప్పుడు దారిలో ఆగిన ప్రతి చోటా ఎవరో ఒక ముక్క విరుచుకున్నట్టు. నేనేమో నాలుగు మీటర్ల దారికి, ఆ మూల నుంచి ఈ మూలకి పది ఊళ్ళు తిప్పి బండిని తోలించాను. అదీ కొసరుగా వచ్చిన దారి కదా అని.

"ఒరే బావా" అన్నాడు డ్రైవరు మెల్లగా, "ఇది ఆ సుట్టే కదా?"

నేను సంచిలోంచి కటింగ్ ప్లయరు తీశాను.

కత్తిరించడానికి రెండు నిమిషాలు పట్టింది. కొసలు గీకి, బిగించి, మీట వేశాను. టక్. వణుకు. ఇంకా సూర్యుడు రాలేదు, మబ్బు గదిలోనే ఉంది. ఆ మబ్బులోంచి ఫ్రిజ్ జుమ్మని మొదలై, ఆగకుండా, సన్నగా, ఎవరో నోరు మూసుకుని పాడుతున్నట్టు పాడుతూ పోయింది. నేను చల్లటి గచ్చు మీద కూర్చుని వింటూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. తలెత్తేసరికి గుమ్మంలో నర్సమ్మ నిలబడి వింటోంది.

"ఏటయినాది అన్నయ్యా?"

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్తే మీరు నవ్వుతారు. "కనెక్షను వదులైందమ్మా, బిగించాను" అన్నాను. పుట్టుక ఎక్కడికి పోతుంది!

ఆవిడ నేలమీదున్న వైరు చుట్టని చూసింది. దాన్ని చేతిలోకి తీసుకుని బారలు వేసి కొలిచింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది బారలు దాటింది.

"ఇదేనా వదులు?"

డ్రైవరు గోడకేసి తిరిగి నవ్వడం మొదలుపెట్టాడు. నేను బేరానికి దిగాను. ఈ సంగతి మనలో మనకి ఉండిపోతే, నీమీద రాసింది నేనే కొట్టేయిస్తాను, ఫ్రిజ్ ఇక్కడే ఉండేలా చూస్తాను, మెమో ఆపిస్తాను. వరసగా మూడు ఇచ్చి ఒకటి అడిగాను. మంచి బేరమే.

"పూలు పెట్టేను. అది నా తప్పే" అంది ఆవిడ. "ఎందుకు పెట్టేనో మీరు అడగనేదు. టీకా రోజు మొదట వొచ్చిన తల్లికి మూరెడు పూలు ఇస్తాను. ఆ పూల కోసం పొద్దున్నే పోటీ పడి వొస్తారు, పిల్లల్నెత్తుకుని. సూదికి కొసరనుకోండి. ముందురోజు సంతలో కొని తెస్తాను, వాడిపోకుండా అందులో పెట్టేను. మూరెడు పూలకి ఫ్రిజ్ ఆగిపోద్దా అన్నయ్యా?"

బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. కొసరు ఎందుకిస్తారో, దాన్ని చూసి మనుషులు ఎలా వస్తారో నాకంటే ఎవరికి తెలియాలి? మూరెడు పూలని నేరం చేసి, నా పదిహేను మీటర్ల కొసరుని మేకుకి తగిలించి దండం పెట్టుకున్నాను.

"మీ బేరం నాకొద్దు" అంది. "ఆగింది నా వల్ల కాదని అయ్యగారికి మీ నోటితో సెప్పండి. ఇక్కడి రిజిస్టరులో మీ సేత్తో రాయండి. రేపు ఇంకో మెకానిక్ వొస్తాడు, అతనికీ తెలియాల కదా."

ఫోను సిగ్నలు ఊరి చివర ఒక బండ మీద మాత్రమే దొరుకుతుంది. ముగ్గురం అక్కడికి నడిచాం. కింద లోయంతా మబ్బు పాలలా పరుచుకుని ఉంది. కోట, మా బజారు, మా నాన్న కొట్టు అన్నీ దాని అడుగున ఎక్కడో మునిగి ఉన్నాయి.

"దింపారా?" అన్నారు అధికారి.

"లేదు సార్. లోపం దొరికింది. నాదే." గడగడా చెప్పేశాను. కొసరు సంగతితో సహా. అవతల దగ్గులాంటిది వినబడింది. నవ్వు దాచుకుంటున్నారని అర్థమైంది.

"నెల రోజులు చూద్దాం. మళ్ళీ ఆగితే మాత్రం దింపేది పెట్టెని కాదు, మిమ్మల్ని" అన్నారు. "ఆవిడ మెమో నా బల్ల మీదే ఉంది. చించేస్తున్నాను. మీ మెమో రాయిస్తాను."

"సార్, ఆ చేత్తోనే నాది కూడా..." అని ఏదో అడగబోయాను. డ్రైవరు నా చేతిలోంచి ఫోను లాక్కుని పెట్టేశాడు. "సాలు బావా. ఇక్కడ కొసరడక్కు."

తిరిగొచ్చి రిజిస్టరులో రాశాను. నా సర్వీసులో రాసిన వాటిల్లో అదే పొట్టి రిపోర్టు, అదే ఎక్కువసేపు పట్టింది. నర్సమ్మ డబ్బాల్లోని మందులు ఒక్కొక్కటే మళ్ళీ ఫ్రిజ్‌లో సర్దుతుంటే, మేం ఖాళీ జీపుతో దిగిపోయాం.

పెట్టె మళ్ళీ ఆగలేదు. మెమో మాత్రం చెప్పినట్టే వచ్చింది.

రిటైరయ్యాక ఒక చలికాలం ఊరికే ఆ కొండెక్కాను. వలిసె చేలు పూసి వాలులన్నీ పసుపుగా మెరుస్తున్నాయి. పొద్దుటెండలో నడుస్తున్నానో నిద్రలో నడుస్తున్నానో తెలియని తోవ. కేంద్రం ముందు, ఒక స్తంభం నుంచి పనస చెట్టుకి, అక్కణ్ణుంచి మళ్ళీ కిటికీకి, పొడుగ్గా ఒక దండెం. దానినిండా చంటిపిల్లల గుడ్డలు. టీకా రోజది. ఆ వైరుని గుర్తుపట్టాను. పదిహేను మీటర్లూ ఉంది, ఆవిడా ఒక్క అడుగు కొయ్యలేదు.

లోపల ఫ్రిజ్ పాడుతోంది. ఇప్పుడు పూలు కడవ పక్కన తడిగుడ్డలో ఉంటున్నాయి. నర్సమ్మ జుట్టు నెరిసింది. నన్ను చూసి నవ్వి, రిజిస్టరు తీసి ఒక పేజీ తిప్పింది. అంచులు నలిగి, పసుపు మరకలు పడి, నా చేతిరాత.

"కొత్త మెకానిక్ ఎవులొచ్చినా ముందు ఇదే సదివిస్తన్నాను అన్నయ్యా. పైకి, గట్టిగా."

కాబట్టి పిల్లలూ, మీలో ఎవరికైనా ఆ కొండ మీద డ్యూటీ పడితే, తెల్లవారకముందే చేరండి. పెట్టె బరువెత్తుకునే క్షణంలో కొలవండి. నా పేజీ చదివేటప్పుడు మరీ గట్టిగా నవ్వకండి. చదవడం పూర్తయ్యేదాకా ఆవిడ టీ ఇవ్వదు. బేరమాడి చూశాను, లాభం లేదు.